తెగిన నీలిగీత

ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని, చూపు పైకప్పు మీద నిలిపి, ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"నీలి రంగులో తెగిన గీత వేసవిలో ఎండిపోవు నదిని సూచించును."

"చాలా బాగా చెప్పావు. కూర్చో," అంది అమ్మడు.

ముప్ఫై అయిదేళ్లు వచ్చినా ఇంట్లో ఆమెకు అమ్మడనే పేరు. ఆఫీసులోనూ అదే అంటుకుంది. స్కూలు అట్లాసులు అచ్చువేసే చోట ఆమె పటాలు గీస్తుంది. కొత్త ముద్రణ రాబోతోంది. అందులో పాత గుర్తులే ఉంచాలా, మార్చాలా అన్నది తేలాలంటే, అసలు పిల్లలకి అవి ఏ మాత్రం అర్థమవుతున్నాయో చూసి రమ్మని సంపాదకుడు ఆమెను ఈ బడికి పంపాడు.

అరచేతి వెడల్పు అట్టముక్కల మీద ఒక్కో గుర్తు గీసి తెచ్చుకుంది. ఒక ముక్క పైకెత్తుతుంది. ఒకరు లేస్తారు. చెబుతారు. కూర్చుంటారు. రైలుమార్గం. గని. చిత్తడి నేల. రాజధాని. ఎవరూ తడుముకోవడం లేదు. తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ గారి గడ్డం ప్రతి జవాబుకీ కొద్దికొద్దిగా పైకి లేస్తోంది. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ సోషల్ మాస్టారు మాత్రం, పిల్లలు ఏం చెబుతారో ముందే తెలిసినట్టు, పెదవులు కదుపుతున్నారు.

కిటికీలోంచి ఆవరణ కనిపిస్తోంది. అక్కడ ఇంకో గుంపు పిల్లలు ఎండుటాకులు ఏరి తట్టల్లో వేస్తున్నారు. వాళ్లలో ఒకమ్మాయి తట్ట కింద పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. గడ్డం చట్రం మీద ఆనించి, అమ్మడి చేతిలోని అట్టముక్క వైపు కళ్లు చిట్లించి చూసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు చెయ్యి విదిలించేసరికి మాయమైంది.

"వాళ్లు ఏ క్లాసు మేడమ్?"

"ఇదే క్లాసు. వాళ్లకి ఈ పూట బయట పని."

"ఆ అమ్మాయి?"

"అదా!" ఆవిడ నవ్వారు. "దాని అసలు పేరు మేమే మర్చిపోయాం. 'ఎందుకు' అంటేనే పలుకుతుంది. నోరు తెరిస్తే ఎందుకు, ఎందుకు, ఎందుకు. లోపల కూర్చోబెడితే మీ పొద్దంతా అదే తినేసేది."

సాయంత్రం అమ్మడు ఇంటికి వచ్చేసరికి నాన్న వంటింటి బల్ల దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఒలిచిన రెబ్బల్ని సైజు ప్రకారం వరసలుగా పేర్చాడు. రిటైరైనా చేతికి ఆ అలవాటు పోలేదు. అట్లాసులో ఉన్న గుర్తులన్నీ ఆయన నిబ్బుతో, సిరాతో గీసినవే.

"ఇదిగో, ఇవి నగరాలు. ఇవి పట్టణాలు. ఈ చివరివి పల్లెలు," అన్నాడు కూతురికి చూపిస్తూ.

"మూకుట్లో పడ్డాక నగరమైనా ఒకటే, పల్లైనా ఒకటే. ఇటివ్వండి," అని అమ్మ వరసలన్నీ ఒక్క ఊపుతో గిన్నెలోకి ఊడ్చేసింది.

నాన్న పట్టించుకోలేదు. "ఊఁ, చెప్పు. రైలుమార్గం?"

"చెప్పారు."

"గని?"

"అదీ చెప్పారు."

కత్తి కింద పెట్టాడు. వేళ్లు తుండుగుడ్డకి తుడుచుకున్నాడు. అడగడానికి కాస్త సిగ్గుపడ్డట్టు గొంతు తగ్గించాడు.

"నా తెగిన గీత?"

"అందరూ చెప్పారు నాన్నా. ఒక్కరు కూడా తప్పలేదు."

"ఒక్కరు కూడా?" ఆయన కుర్చీలోంచి లేచి, లేచినందుకు పనేమీ లేక మళ్లీ కూర్చున్నాడు. "అది తేలికైన గీత అనుకున్నావా అమ్మడూ? నది ఉందీ అనాలి, లేదూ అనాలి. రెండూ ఒక్క గీతలో అనాలి. ముక్క పొడుగైతే కాలవలా ఉంటుంది. పొట్టిదైతే చుక్కలైపోతుంది. దానికోసం ఎన్ని నిబ్బులు పాడుచేశానో!"

వెంటనే ఫోన్ తీసి బాబాయికి చేశాడు. బాబాయికి చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా వీధి చివరిదాకా వినపడేలా చెప్పాడు.

"నువ్వు పుట్టినప్పుడు కూడా ఇంత గట్టిగా అరవలేదు మీ నాన్న," అంది అమ్మ పోపు వేస్తూ.

అమ్మడు నవ్వింది. నవ్వింది గానీ, 'సూచించును' అన్న మాట మాత్రం చెవిలో చీమలా తిరుగుతూనే ఉంది. ఆ వయసు పిల్లలు ఎవరైనా సూచించును అంటారా?

మర్నాడు పటం మీద పరీక్ష. ఊహించి గీసిన ఒక దేశం పటాన్ని బల్ల మీద పరిచి, మూలలు లేవకుండా డస్టర్లు పెట్టి, ముందు బెంచీ పిల్లని పిలిచింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ రోజు వేరే పనిలో ఉన్నారు.

"నిన్న చాలా బాగా చెప్పావు కదా. వేసవిలో ఎండిపోయే నది ఒకటి ఇందులో చూపించు."

పిల్ల ఏమాత్రం ఆలోచించకుండా పటం కింది మూలలో గుర్తులూ, వాటి అర్థాలూ వరసగా అచ్చువేసిన చిన్న డబ్బా మీద వేలు పెట్టింది.

"అది గుర్తమ్మా. మరి నది ఎక్కడుంది?"

పిల్ల తన వేలి వైపు చూసుకుంది. కాస్త గట్టిగా నొక్కింది. "ఇక్కడే మేడమ్."

రెండో పిల్లవాడు వచ్చాడు. అతని వేలూ డబ్బాలోకే వెళ్లింది. మూడో అమ్మాయి తెలివిగా పటమంతా ఒకసారి కలియజూసి, చివరికి డబ్బాలోకే వచ్చి ఆగింది. "నదులన్నీ ఇందులోనే ఉంటాయి మేడమ్. బయటున్నది బొమ్మ," అంది.

అమ్మడు తలెత్తి వెనక గోడ వైపు చూసింది. మాస్టారు చేతికంటిన సుద్దపొడిని ఊదుకుంటున్నారు. దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నారు.

"మొన్న రోజంతా ఇవే అప్పజెప్పించానమ్మా. బయటివాళ్లు వస్తున్నారు, బడి పరువు దక్కాలి అన్నారు మేడమ్ గారు. బోర్డు మీద రాసి, వంద సార్లు చదివించాను."

"నిన్న బయట ఆకులు ఏరిన వాళ్లచేత కూడానా?"

ఆయన కళ్లు దించుకున్నారు. "వాళ్లని లెక్కలోంచి తీసేశాం."

ఆ మాట అన్న తీరులో దాపరికం లేదు. అదే అమ్మడికి కష్టంగా అనిపించింది. నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్లి, ఆ పిల్లల్ని కూడా అడిగి చూస్తానంది.

"వాళ్లా?" ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వాళ్లేం చెబుతారమ్మా? నోటికొచ్చింది చెబుతారు."

"నాకు కావలసింది అదే మేడమ్. నోటికొచ్చిందే కావాలి."

"రేపు మీరు మీ నివేదికలో మా బడి పేరు రాస్తే?"

"ఎక్కడా రాయను. మాటిస్తున్నాను."

ఆవిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "వరండాలో కూర్చోబెట్టుకోండి. గదిలో అయితే పాఠాలకి ఇబ్బంది," అన్నారు.

వరండాలో పిల్లలు గోడకి చేరబడి కూర్చున్నారు. పరీక్ష అని తెలిసి బిగుసుకుపోయారు. అమ్మడు చెప్పులు విప్పి నేల మీద వాళ్లకెదురుగా కూర్చుంది. "ఇవి నేను గీసే పటాల్లో గుర్తులు. మీకు ఏం కనిపిస్తే అది చెప్పండి. నేను రాసుకుంటాను," అంది.

రైలుమార్గం గుర్తు ఎత్తగానే, మోకాలికి పట్టీ కట్టుకున్న కుర్రాడు నోరు విప్పాడు.

"కుట్లు మేడమ్. దెబ్బ తగిలిన చోట వేసినవి."

ఒక్కసారిగా నవ్వులు. ఆ నవ్వుతో అందరి బిగువూ సడలిపోయింది.

గని గుర్తులో ఒకదాని మీద ఒకటి పడుకున్న సుత్తుల్ని చూసి, "ఇక్కడ కొట్లాట జరిగింది," అన్నాడు ఒకడు. "కాదురా, దెబ్బలాడుకోవడం అయిపోయి రాజీ పడ్డారు, అందుకే కింద పెట్టేశారు," అంది పక్కనమ్మాయి. రాజధాని గుర్తు చొక్కా బొత్తామైంది. చిత్తడి నేల చీపురైంది. కొండ ఎత్తుల్ని చెప్పే గీతల్ని చూసి, ఎవరో పెద్దాయన వేలిముద్ర వేసి సంతకం చేశాడన్నారు. విమానాశ్రయం దగ్గర మాత్రం అందరిదీ ఒకే మాట. అక్కడ విమానం కూలింది. లేకపోతే అంత పెద్ద విమానం అంత చిన్న ఊళ్లో ఎందుకుంటుంది?

అమ్మడు రాసుకోలేక నవ్వు ఆపుకుంటోంది. తర్వాత లోతట్టు మైదానానికి వేసే ఆకుపచ్చ ముక్క ఎత్తింది. "అడవి!" అన్నారు అంతా. ఆమె నవ్వు తగ్గింది. ఆ రంగు ఎంపిక ఆమెదే. పిల్లలకి చల్లగా ఉంటుందని పోయినేడు ముదురు చేసింది కూడా ఆమే.

చివరికి తెగిన నీలిగీత.

"పెన్ను సరిగ్గా పడలేదు."

"నది నేలలో దూరి మళ్లీ పైకొస్తోంది."

"వంతెనలు. గీత లేనిచోటల్లా వంతెన ఉంది."

"కప్పలా గెంతుకుంటూ పోయే నది మేడమ్."

నిన్న కిటికీ దగ్గరికొచ్చిన 'ఎందుకు' ముందుకు జరిగింది. అట్టముక్క అడిగి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పట్టుకుంది. తలకిందులు చేసింది.

"ఎందుకు తెగింది?"

"నువ్వే చెప్పు."

"గీసినాయనకి ఎక్కిళ్లు వచ్చుంటాయి," అంది ఆ పిల్ల గంభీరంగా. "ఒక్కో ఎక్కిలికీ చెయ్యి లేచిపోయింది."

పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అమ్మడూ నవ్వింది. ఆ గీసినాయన ఇంట్లో తన కోసం టీ పెట్టి ఎదురుచూస్తుంటాడని గుర్తొచ్చి, నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆ సాయంత్రం నాన్న నిజంగానే టీ పెట్టి ఉంచాడు. "ఇవాళ పటం మీద కదా? ఎలా జరిగింది?"

"బాగానే జరిగింది," అని కప్పు అందుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మ వెనకాలే వచ్చింది. "ఏంటి, నీ మొహం అలా ఉంది?"

అమ్మడు చెప్పింది. డబ్బాలోని నది, కుట్లు, కూలిన విమానం, అన్నీ చెప్పింది. ఎక్కిళ్ల దగ్గరికి వచ్చేసరికి అమ్మ గట్టు పట్టుకుని, శబ్దం బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కళ్లు తుడుచుకున్నాక అంది.

"చెప్పెయ్యవే. నీ నోటితో వింటే ఓ పూట అలుగుతాడు. నువ్వు దాచావని తెలిస్తే మాత్రం నేను సర్దిచెప్పలేను."

"ఆ గీతంటే ఆయనకి ప్రాణం అమ్మా."

"నువ్వంటే అంతకన్నా ప్రాణం. వెళ్లు."

కానీ అంతలో బాబాయి వచ్చాడు. ఒక్క పిల్లాడు కూడా తప్పలేదన్న కథ ఆయనకి మళ్లీ మొదటినుంచి చెబుతూ నాన్న మురిసిపోతుంటే, అమ్మడు చెప్పడం రేపటికి వాయిదా వేసుకుంది.

మర్నాడు పొద్దున నాన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటుండగా, గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పేసింది. నురగ పట్టిన మొహంతో ఆయన వింటూనే ఉన్నాడు. బ్లేడు బుగ్గ మీదే ఆగిపోయింది.

"ఎక్కిళ్లా?"

"చిన్నపిల్ల నాన్నా. తెలియక అంది."

"ఎక్కిళ్లు వస్తే గీత అంత సమానంగా తెగుతుందా? ఒక్కో ముక్కా కొలిచి గీశాను నేను!" గొంతు పెరిగింది. "పక్కనే డబ్బాలో రాసి ఉంది కదా, చదువుకోరూ? వాళ్లు చదవకపోతే తప్పు గీతదా? మాస్టారు చెప్పకపోతే తప్పు నాదా?"

"ఎవరిదీ అనడం లేదు నాన్నా."

"మరి నిన్న బాగానే జరిగిందన్నావేం?"

ఆయన అద్దం వైపు తిరిగాడు. అమ్మ ఉప్మా పెట్టి పిలిస్తే ఆకలి లేదన్నాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. లోపల బీరువా తీసిన చప్పుడైంది. పుస్తకాలు దించిన చప్పుడైంది.

అమ్మడు సంచీ భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కా. దువ్విన తల. గడ్డం మీద తెగినచోట అతికించిన కాగితం ముక్క.

"పద. ఆ పిల్లని చూడాలి నేను," అన్నాడు.

దారి పొడుగునా ఆయన అమ్మడి కన్నా రెండడుగులు ముందే నడిచాడు. పిల్లల మీద కోప్పడతాడేమో. లేదా చిన్నబుచ్చుకుంటాడేమో. ఈ రెండోదే ఆమెకి ఎక్కువ భయం.

వరండాలో పిల్లలు ఆమె చెప్పకముందే చాప పరుచుకుని కూర్చున్నారు. "ఈ తాతయ్య కూడా వింటారట," అని మాత్రం చెప్పింది. నాన్న మోకాళ్లు పటపటమంటుండగా నేల మీద కూర్చున్నాడు. అట్టముక్కలు తీసుకుని తనే ఒక్కొక్కటీ అడిగాడు. కుట్లన్నారు. ఆయన పెదవి బిగించాడు. బొత్తామన్నారు. అట్టముక్కని కాస్త దూరంగా పట్టుకుని తనూ చూశాడు. చీపురన్నప్పుడు మాత్రం, "ఊఁ... అవును, చీపురే," అని తనలో తను గొణుక్కున్నాడు.

తెగిన నీలిగీత ఎత్తి, నేరుగా 'ఎందుకు' వైపు తిరిగాడు.

"ఇది వేసవిలో ఎండిపోయే నదమ్మా."

"అయ్యో, అదా!" అంది ఆ పిల్ల. "అయితే అలా గీస్తే ఎలా తెలుస్తుంది?"

"మరి నువ్వైతే ఎలా గీస్తావు?"

ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది. అమ్మడు రంగు పెన్సిళ్ల డబ్బా, కాగితం ఇచ్చింది. 'ఎందుకు' అందరికీ వీపు తిప్పి, మోచేయి అడ్డం పెట్టుకుని, నాలుక పళ్ల మధ్య నొక్కిపట్టి గీసింది. గోధుమరంగులో రెండు ఒడ్లు. మధ్యలో సన్నని నీలిదారం. దాని పక్కన పగుళ్లు. ఒడ్ల మీద చిన్నచిన్న రాళ్లు. అయ్యాక కాగితాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఇప్పుడు చూడండి! ఎవరికైనా తెలిసిపోతుంది."

"ఆగు, నువ్వు చెప్పకు," అన్నాడు నాన్న. కాగితం తీసుకుని, అవతలి చివర కూర్చుని ఆ సంగతేదీ వినకుండా గవ్వలాట ఆడుకుంటున్న ఇద్దరికి చూపించాడు. "ఇదేంట్రా?"

"పాము. కుబుసం విడుస్తోంది," అన్నాడు ఒకడు.

"జడ. మధ్యలో రిబ్బను ఉంది," అన్నాడు రెండోవాడు.

'ఎందుకు' మొహం ఎర్రబడింది. "జడేంట్రా! కళ్లు కనబడటం లేదా? ఇవి పగుళ్లు! ఇవి రాళ్లు! ఇంత స్పష్టంగా గీస్తే అర్థం కాదా? సరిగ్గా చూడకపోతే నా తప్పా?"

నాన్న ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాడు. మెల్లిగా ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అమ్మడు కంగారుగా ముందుకు వంగింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. గడ్డం మీద అతికించిన కాగితం ముక్క ఊడి ఒళ్లో పడింది.

"ఎందుకు నవ్వుతున్నారు?" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో.

"నిన్ను చూసి కాదు తల్లీ. పొద్దున అద్దం ముందు నేనూ అచ్చం ఇలాగే అరిచాను. అడుగు, మా అమ్మాయినడుగు." కళ్లు తుడుచుకున్నాడు. "ఆ తెగిన గీత గీసింది నేనే. ఎక్కిళ్లు రాలేదు. ఒట్టు."

'ఎందుకు' రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందులోంచి మెల్లిగా అడిగింది.

"మరి ఎందుకు అలా గీశారు?"

నాన్న చెప్పబోయాడు. ఉందీ, లేదూ, రెండూ ఒకే గీతలో, అన్న మాటలు ఆయన నాలుక చివరిదాకా వచ్చాయని అమ్మడికి తెలుసు. ఆయన వాటిని మింగేశాడు.

"ఎందుకో చెబితే నీకు అర్థమవుతుంది. కానీ పుస్తకం ఎక్కడికి వెళితే అక్కడికి నేను వెళ్లి చెప్పలేను కదమ్మా. నువ్వూ వెళ్లలేవు. మనం లేకపోయినా తన సంగతి గీతే చెప్పుకోవాలి. అదీ మన తిప్పలు."

మన అన్న మాటకి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. చేతులు నోటి మీంచి తీసేసింది. పాదాలు నేలకి రాసుకుంటూ జరిగి వచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

"అయితే రాళ్లు తీసేద్దామా? రాళ్ల వల్లే జడలా ఉందేమో."

"తీసి చూద్దాం. నేనూ ఇంకోటి గీస్తా. ఎవరిది తెలుస్తుందో చూద్దాం."

అలా మొదలైంది. పిల్లలు రెండు గుంపులయ్యారు. గీయడం, పక్క గుంపుకి చూపించడం, వాళ్లు ఏదో అనడం, చెరపడం. నాన్న గీసిన మొదటిది వానపామైంది. రెండోది గోడకి పట్టిన చెమ్మ. పిల్లలు మొహమాటం లేకుండా చెబుతుంటే, ఆయన ప్రతిసారీ తొడ మీద చరుచుకుంటున్నాడు. పట్టీ కుర్రాడు నదిలో ఒక మనిషిని నడిపించాడు. నీళ్లుంటే నడవలేడు కదా అన్నాడు. అది మాత్రం పక్క గుంపులో సగం మందికి తెలిసింది. మిగతా సగం మంది, ఆ మనిషి మునిగిపోతున్నాడని జాలిపడ్డారు.

అమ్మడి ఫోన్ మోగింది. ఆవరణలోకి దిగి ఎత్తింది. సంపాదకుడు.

"ఫలితాలు మొన్ననే బాగా వచ్చాయట కదా? పాత గుర్తులే ఉంచేసి అచ్చుకి పంపేస్తున్నా."

"పంపకండి సార్. మొన్న జవాబు చెప్పింది పిల్లలు కాదు, బ్లాక్‌బోర్డు."

"ఇప్పుడు మార్చాలంటే ఆలస్యం అవుతుందమ్మా. పైగా అవి మీ నాన్నగారి గుర్తులు. ఆయన ఊరుకుంటారా?"

అమ్మడు వరండా వైపు చూసింది. నాన్న నేల మీద బోర్లా పడుకున్నంత పని చేసి, ముక్కు కాగితానికి ఆనించి గీస్తున్నాడు. ఆయన భుజం మీదుగా వంగి, అది తప్పు, ఇది తప్పు అని ముగ్గురు పిల్లలు ఒకేసారి చెబుతున్నారు.

"ఆయన ఇక్కడే ఉన్నారు సార్. పొద్దుట్నుంచీ ఫెయిలవుతూనే ఉన్నారు. ఆలస్యం అయితే అవనివ్వండి. ఆకుపచ్చ రంగు కూడా మార్చాలి. అది నా తప్పు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ గారు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో తెలియదు. గోల విని మందలించడానికి వచ్చినట్టున్నారు. చేతిలో బెత్తం లాంటి స్కేలు ఉంది. పిల్లలు చూసి పెన్సిళ్లు వెనక దాచుకున్నారు. నాన్న లేవబోయి, మోకాళ్లు సహకరించక అలాగే ఉండిపోయాడు.

'ఎందుకు' ఒక్కతే లేచింది. కొత్తగా గీసిన కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"మేడమ్, మీరు ఇంతవరకూ చూడలేదు కదా. ఇదేంటో చెప్పరా?"

ఆవిడ కాగితం అందుకున్నారు. అలవాటుగా చూపు కింది మూలకి వెళ్లింది. అక్కడ డబ్బా లేదు. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశారు. వెలుతురు వైపు తిప్పి చూశారు. పిల్లలంతా మెడలు సాచి ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"భయపడకండి మేడమ్," అంది ఆ పిల్ల ధైర్యం చెబుతూ. "తప్పొస్తే ఇంకా మంచిది. ఎక్కడ చెరపాలో మాకు తెలుస్తుంది."

హెడ్‌మిస్ట్రెస్ గారు స్కేలుని స్తంభానికి ఆనించారు. చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, వరండా మెట్టు మీద పిల్లల పక్కన కూర్చున్నారు.

"నాకు తెలియడం లేదమ్మా," అన్నారు. "ఉండు, ఇంకోసారి చూడనివ్వు."